చెట్టు కవి ఇస్మాయిల్ – మన జిల్లా బిడ్డ

చేజర్ల, ఆత్మకూరు, ఉదయగిరి పక్కల మనవాళ్ళం చాలామందిమి ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడుకునేవాళ్ళమే. అయినా ‘తెలుగు సాహిత్యంలో మనవాళ్ళెవరున్నారు?’ అని పిల్లలు అడిగితే పెద్దలం తడుముకుంటాం. పిఠాపురం ఉమర్ అలీషా గారి పేరు కొందరికి తెలుసు. మన నెల్లూరు జిల్లాలోనే 1928లో పుట్టిన ఇస్మాయిల్ గారి పేరు తెలిసినవారు మాత్రం మనలో తక్కువ. అందుకే ఆయన కవిత్వం ఎలా మొదలై ఎలా నడిచిందో నాలుగు మాటలు ఇక్కడ చెప్పదలచాము.

ఆయన కాకినాడ పి.ఆర్. కళాశాలలో తత్వశాస్త్రం బోధించారు. తొలి పుస్తకం ‘మృత్యువృక్షం’ 1976లో వచ్చేనాటికి ఆయనకు 48 ఏళ్ళు. ఆ కాలం ఎట్లాంటిదో కూడా గుర్తుచేసుకోవాలి. 1965లో దిగంబర కవులు వచ్చారు, 1970లో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. కవి అన్నవాడు ఏదో ఒక జెండా పట్టాలన్న రోజులవి. ఇస్మాయిల్ గారు ఏ జెండా పట్టలేదు. చెట్టు, పిట్ట, వాన, చంద్రుడు – వీటినే చూసి రాశారు. దేశంలో ఇన్ని బాధలుండగా చెట్ల మీద కవిత్వమేమిటని ఆక్షేపించినవారు లేకపోలేదు. అది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కూడా కాదు.

ఆయన తోవ మార్చుకోలేదు, దాన్నే ఇంకా లోతు చేసుకున్నారు. 1982లో వచ్చిన పుస్తకానికి ‘చెట్టు నా ఆదర్శం’ అని పేరు పెట్టారు. చెట్టుకు వేళ్ళు మట్టిలో ఉంటాయి, కొమ్మలు ఆకాశంలో ఉంటాయి. అది నిలబడ్డ చోటే నిలబడి వచ్చినవాడికల్లా నీడనిస్తుంది, నీ కులమేమిటి, మతమేమిటి అని అడగదు. ‘చెట్టు కవి’ అన్న పేరు ఆయనకు ఊరికే రాలేదు.

1987లో ‘రాత్రి వచ్చిన రహస్యపు వాన’ వచ్చింది. ‘కవిత్వంలో నిశ్శబ్దం’ అనే వ్యాసాల పుస్తకమూ వెలువరించారు. ఆ మాట మనకు అర్థం కావాలంటే దూరం పోనక్కరలేదు. ఉదయగిరిలో నర్ది కర్రతో చెంచాలు చేసే మనవాళ్ళను చూస్తే చాలు. ఉలి పట్టినవారు కర్రకు ఏమీ కలపరు, అక్కరలేనిదంతా తీసేస్తారు. తీయగా తీయగా చెంచా బయటపడుతుంది. ఇస్మాయిల్ గారు మాటలతో చేసింది ఆ పనే. 1997లో వచ్చిన ‘కప్పల నిశ్శబ్దం’ నాటికి కవిత మూడు పాదాల హైకూ అయింది. హైకూ జపాను దేశపు ప్రక్రియ. 17వ శతాబ్దంలో బషో అనే కవి కప్ప నీళ్ళలో దూకడం మీద రాసిన హైకూ లోకప్రసిద్ధం. 69 ఏళ్ళ వయసులో మన కవి అంత చిన్న పాత్రలో కవిత్వం పట్టించారు.

ఈలోగా మన యువకుల్లో వేరొక గొంతు లేచింది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’, 1998లో ‘జల్‌జలా’ సంకలనం వచ్చాయి. ముస్లిముగా పుట్టినందుకు పడే నొప్పిని వారు సూటిగా చెప్పారు, అది చెప్పవలసిన మాటే. మరి ఇస్మాయిల్ గారిలో ఆ గొంతు లేదు గనుక ఆయన మనవాడు కాకుండా పోతాడా? మేమట్లా అనుకోము. ఆయన వ్యాస సంపుటి పేరే ‘కరుణ ముఖ్యం’. గాయపడ్డవాడు ‘నొప్పి’ అని కేక వేయడం న్యాయం. ఆ కేక వినేవాడి గుండె మెత్తగా ఉండడమూ అవసరం. కరుణ లేని చెవికి ఎంత పెద్ద కేకైనా చేరదు. ఈ రెండు పనులూ చేసే కవులు ఏ సమాజానికైనా కావాలి, మనకైతే మరీ కావాలి.

2003లో ఆయన కన్నుమూశారు. తర్వాత కూడా 2006లో ‘పల్లెలో మా పాత ఇల్లు’ వెలువడింది.

సభ్యులకు మా మనవి ఒక్కటే. తెలుగు మనకు పరాయి భాష అని ఎవరన్నా, ఆ మాట పిల్లలు నమ్మేలోగా ఈయన పుస్తకం ఒకటి వాళ్ళ చేతిలో పెట్టండి. అమ్మీజాన్ పక్కన కూర్చుని రోజుకొక్క కవిత పైకి చదివినా చాలు. అవి చిన్న కవితలు, అయిదు నిమిషాలు పట్టదు. తెలుగు తోటలో మనవాళ్ళు నాటిన చెట్లున్నాయని పిల్లలకు వాళ్ళంతట వాళ్ళకే తెలిసొస్తుంది.