తమ్ము గూర్చి తామే వ్రాసికొన్న కవులు

నేటి విజ్ఞానసర్వస్వములలో ఒక పండితుని పేరు కడ ఊరు, తల్లిదండ్రులు, గురువు, కృతులు అను క్రమమున కానవచ్చు చిన్న వ్యాసము వంటి దానిని మన ప్రాచీనకవులు తమ్ము గూర్చి తామే రచించి, తమ కావ్యములలో రెండు తావుల నుంచిరి. ఒకటి అవతారిక, రెండవది ఆశ్వాసాంతగద్యము. అవతారికలో కవి స్వయముగా మాటాడును. గద్యములో మాత్రము తాను తొలగి నిలిచి, ఫలానివాని పుత్రుడు, ఫలానా బిరుదము గలవాడు రచించిన గ్రంథమిదియని, అన్యుని గూర్చి చెప్పినట్లు తన్ను గూర్చి చెప్పుకొనును.

ఈ యాచారమునకు తెనుగున ఆదికవియే మార్గదర్శి. రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రునికి తాను కులబ్రాహ్మణుడననియు, భారతరచనమున నారాయణభట్టు తనకు తోడ్పడెననియు నన్నయ అవతారికలో చెప్పెను. 1053 నాటి నందంపూడి శాసనమున రాజు దాతగను, నారాయణభట్టు ప్రతిగ్రహీతగను, నన్నయభట్టు శాసనకావ్యకర్తగను ఆ మువ్వురును మరల కలిసి కనబడుటచే, కవి చెప్పుకొన్న మాట వట్టి స్తుతి కాదని రాగిరేకే సాక్ష్యమిచ్చుచున్నది.

తిక్కన సోమయాజి విరాటపర్వారంభమున, తన తండ్రి కొమ్మన స్వప్నమున కనబడిన విధమును, హరిహరనాథుడు తన కృతిని కోరిన విధమును వర్ణించెను. శ్రీనాథుడు తాత కమలనాభుని, తండ్రి మారయను పేర్కొనెను. ఆతుకూరి మొల్ల తండ్రి కేసనను, గోపవరమును స్మరించి, తాను శాస్త్రములు చదివినదానను గాననియు, తన కవిత్వము శ్రీకంఠమల్లేశ్వరుని ప్రసాదమనియు చెప్పుకొనెను. ఆ నాలుగు మాటలు ఆమె చెప్పకున్నచో నేడు మనకామెను గూర్చి తెలియునది మిక్కిలి స్వల్పము. ఈ కవులు సాధారణముగా తమ జన్మసంవత్సరము చెప్పరు. కావుననే కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రము రచించునపుడు, కృతిపతులగు రాజుల కాలమును బట్టి కవుల కాలమును నిర్ణయింపవలసి వచ్చెను.

ఈ స్వీయకథనమును తొలగించినచో కలుగు నష్టమునకు ముద్దుపళని రాధికాసాంత్వనమే నిదర్శనము. తంజావూరు ప్రతాపసింహుని యాస్థానమున వెలసిన యీ కవయిత్రి, తంజనాయకి మొదలుగా తన వంశపు స్త్రీలను కీర్తించి, విద్వాంసులు తనకు కృతులంకితమిచ్చిన గౌరవమును సగర్వముగా ప్రకటించుకొనెను. 1887లో పైడిపాటి వేంకటనరసు ప్రకటించిన ముద్రణమున ఈ యవతారికాభాగము లోపించెను. పురుషకవి వంశవర్ణనమును ఎవ్వరును అనావశ్యకమని త్రోసివేయలేదు. ఒక గణిక తన వంశమును తాను చెప్పుకొన్నచో మాత్రము అది వదలదగినదయ్యెను. బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతిని సంపాదించి, విడువబడిన భాగములను చేర్చి, 1910లో వావిళ్లవారిచే గ్రంథమును ముద్రింపించిరి. ప్రభుత్వము దానిని నిషేధించెను. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మదరాసు రాష్ట్ర ప్రధానిగా నుండిన కాలమున గాని ఆ నిషేధము తొలగలేదు. నాగరత్నమ్మగారు చేసినది శృంగారకావ్యోద్ధరణము మాత్రమే కాదు. ఒక స్త్రీ తన జీవితమును గూర్చి తానిచ్చిన వాఙ్మూలమును ఆమెకు మరల నిప్పించుట.

పూర్వకావ్యములను పునర్ముద్రించువారికి, పాఠ్యగ్రంథములు కూర్చువారికి నాదొక విన్నపము: కథాభాగమును మాత్రమే గ్రహించి అవతారికను, గద్యములను విడిచిపెట్టకుడు, స్థలము చాలకున్నచో చిన్న యక్షరములలోనైనను వానిని పూర్తిగా ముద్రింపుడు.