బ్యారెన్ దీవి పొగ

మన మలక్‌పేటలో, ఆస్మాన్‌గఢ్ గుట్టమీద, 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని రేమండు సమాధి కలదు. నిజాము కొలువున ఫిరంగులు పోతపోయించినవా డాతడు. ఫిరంగికి మందు కావలెను. మందునకు సురేకారము, బొగ్గు, గంధకము కావలెను. మొదటి రెండును మన నేలలో దొరకునవే. గంధకము మాత్రము మన రాతినేలలో పుట్టదు. లోకమున పెక్కుచోట్ల నది అగ్నిపర్వతముల ఊపిరినుండి పుట్టును.

రేమండు జీవించియుండగనే, 1789లో, ఆర్చిబాల్డు బ్లెయిరను నావికుడు అండమాను సముద్రమున బ్యారెన్ దీవియందు మండుచున్న కొండను చూచెను. 2024 వరకు అతని పేర పోర్టు బ్లెయిరని పిలువబడిన ఊరిలో నేడు శ్రీకాకుళ, విశాఖ ప్రాంతములనుండి వెళ్ళిన తెలుగువారు పెక్కుమంది కలరు. వారి ఊరికి ఈ నిర్జన ద్వీపము ఇంచుమించు 135 కిలోమీటర్ల దూరమున నున్నది. 1832 తరువాత అగ్ని శాంతించెను. కొండ చల్లారెనని పలువురు తలచిరి. కాని శిఖరమున ఆవిరి వెడలుచునే యుండెను. బిలము చుట్టును పచ్చని గంధకము పేరుకొనియుండెను. శవము ఊపిరి విడువదు గదా! 1991లో కొండ మరల మండెను. 1994లోను, 2005లోను, ఆ పిమ్మటను ప్రేలినది.

ఇట్టి కొండలు విడుచు పొగలో అధికభాగము పొగయే కాదు, నీటియావిరి. పిమ్మట బొగ్గుపులుసు వాయువు. దీపావళి మతాబులనుండి ముక్కున కెక్కు ఘాటుపొగ యున్నదే, ఆ గంధకపు వాయువు నిందు కలదు. కుళ్ళిన గ్రుడ్డు కంపుగల ఉదజని గంధకిదమును, ఉదజహరికామ్లపు ఆవిరియు కొంచెము కొంచెముగ నుండును. ఆ ఘాటువాయువును ఈ కంపువాయువును కలిసినచోట నీరు, గంధకము ఏర్పడును. బిలము చుట్టునున్న పసుపుపూత యిట్లు కూడ నేర్పడును.

ఇంత నీరు నిప్పులకొండలోని కెట్లు వచ్చెను? వానయు సముద్రమును పగుళ్ళగుండ దిగి కొంత వేడెక్కును. అంతమాత్రమే కాదు. మన భారతభూఫలకపు సముద్రగర్భపు అంచు అండమానుల క్రిందికి మెల్లగ జొరబడుచున్నది. అది తనతో తడిసిన బురదను, నీరు పీల్చిన శిలలను లోనికి గొనిపోవును. సుమారు నూరు కిలోమీటర్ల లోతున వేడికి ఆ నీరు వెలికివచ్చి పైనున్న శిలలో చేరును. నీరు చేరిన శిల తక్కువ వేడికే కరగును. కరగిన శిల పైకి వచ్చుకొలది ఒత్తిడి తగ్గును. గోలీసోడా గోలీని నొక్కినంతనే బుడగలు పొంగునట్లు, అందిమిడియున్న వాయువులు పొంగి కొండను ప్రేల్చును. పైకెగసిన ఆవిరి చల్లబడి వానయై తిరిగి ఆ సముద్రముననే పడుచుండును.