12.3 శాతం చెప్పిన సంగతి

2020 ఆగస్టు నెలాఖరు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో ఇంకా తెల్లవారలేదు. కర్నూలు సరుకుతో వచ్చిన లారీలు వరసగా నిలబడ్డాయి. ముఠా కూలీలు మాస్కులు గడ్డం కిందికి లాక్కుని బస్తాలు దించుతున్నారు. షెడ్డు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కూలీ జబ్బకు రబ్బరు పట్టీ బిగించాడు ల్యాబ్ టెక్నీషియన్.

"నాకు జ్వరం లేదండి బాబూ. మొన్ననేగా ముక్కులో పుల్ల పెట్టి చూశారు. లేదన్నారు."

"అది ఒంట్లో ఇప్పుడు ఉందా అని చూసే పరీక్ష. ఇది ఎప్పుడైనా వచ్చి పోయిందా అని చూసేది."

"వచ్చి పోతే నాకు తెలీదాండి?"

"తెలీకపోవచ్చు. అందుకే ఈ సూది."

ఈ కథనంలో పేరు లేకుండా కనిపించే మనుషులు, వాళ్ళ మాటలు, ఆ సన్నివేశాలు ఊహించి రాసినవి. సర్వే, తేదీలు, అంకెలు జరిగినవే.

అప్పటికి రాష్ట్రంలో రోజుకు పదివేల కరోనా కేసులు బయటపడుతున్నాయి. సాయంత్రం బులెటిన్ కోసం ప్రతి ఇంట్లోనూ ఎదురుచూసేవారు. కానీ ఆ బులెటిన్‌కెక్కేది పరీక్ష చేయించుకున్నవాళ్ళే. దగ్గు లేనివాడు, జ్వరం రానివాడు, వచ్చినా ఊళ్ళో వెలివేస్తారని భయపడి గదిలో దాక్కున్నవాడు ఆ లెక్కలోకి రారు. అసలు ఎంతమందికి సోకింది? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ రాష్ట్ర ప్రభుత్వం రక్తం పరీక్షించి చూసే సీరో సర్వే మొదలుపెట్టింది. ముందు అనంతపురం, తూర్పు గోదావరి, కృష్ణా, నెల్లూరు జిల్లాలు, తరవాత మిగిలిన తొమ్మిది. అప్పట్లో ఏలూరు కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరి రెండో విడతలో వచ్చింది.

వైరస్ పోయినా, దాని మీద పోరాడిన యాంటీబాడీలు రక్తంలో మిగులుతాయి. వాటిలో ఐజీజీ అనే రకం బయటపడటానికి రెండు వారాలదాకా పడుతుంది, తరవాత నెలల తరబడి ఉంటుంది. రక్తంలో ఐజీజీ కనబడిందంటే ఆ మనిషిని వైరస్ పలకరించి వెళ్ళిందన్నమాట.

కొల్లేరు సరస్సులో లంక ఊరొకటి. వాన నీటికి గట్టు జారుతోంది. ఐస్ బాక్సు భుజాన వేసుకుని ఏఎన్ఎం, వెనకాల ఆశా కార్యకర్త. చేతిలో ఇళ్ళ జాబితా. అరుగు మీద కూర్చున్న పెద్దాయన చేపల చెరువు రైతు.

"మా పక్కింటోళ్ళు చూపించుకుంటామంటున్నారు కదమ్మాయ్, వాళ్ళను ఒదిలేసి నాకెందుకు?"

"జాబితాలో మీ ఇల్లే వచ్చింది తాతగారూ. అడిగినవాళ్ళకు చేస్తే లెక్క తప్పుతుందంట."

పెద్దాయన కాసేపు ఆలోచించాడు. "అంటే విసురు వల లాగానా? చెరువంతా తోడం కదా. నాలుగు చోట్ల వల విసిరి, పడ్డవాటిని తూచి, కౌంటు కడతాం."

"అంతేనండి."

"మరైతే మేత బస్తా కట్టిన చోట విసరకూడదు. అక్కడ చేపలన్నీ మూగుంటాయి. అక్కడ విసిరితే చెరువు నిండా చేపే అనుకుంటాం."

సర్వే శాస్త్రంలో అతి ముఖ్యమైన సూత్రం అదే. ఆసుపత్రి గుమ్మం మేత బస్తా కట్టిన చోటు. అక్కడికి జబ్బుపడ్డవాళ్ళే మూగుతారు. అందుకే ఊళ్ళను, వార్డులను, ఇళ్ళను ఎవరి ఇష్టంతోనూ పని లేకుండా ఎంచాలి. పల్లె వేరుగా, పట్టణం వేరుగా, కంటైన్‌మెంట్ జోన్ వేరుగా, ముప్పు ఎక్కువున్న వృత్తులవాళ్ళు వేరుగా లెక్కకట్టాలి. మార్కెట్ కూలీ రక్తం, లంకలో ముసలాయన రక్తం రెండూ కావాల్సి రావడం అందుకే.

ఎర్రమూత గొట్టంలో రక్తం అరగంటలో గడ్డకడుతుంది. యంత్రంలో గిర్రున తిప్పితే పైకి ఎండుగడ్డి రంగు ద్రవం తేలుతుంది. అదే సీరం. ల్యాబ్‌లో అరచేతంత ప్లేటు, దానికి 96 చిన్న గుంటలు. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ 2020 మేలో తయారుచేసిన కోవిడ్ కవచ్ కిట్‌లో ఆ గుంటల అడుగున చంపేసిన కరోనా వైరస్ పూసి ఉంటుంది. సీరం పోస్తే, అందులో యాంటీబాడీలుంటే వైరస్‌ను పట్టుకుని ఉండిపోతాయి, లేకపోతే కడిగినప్పుడు కొట్టుకుపోతాయి. మిగిలినవాటికి రంగు పుట్టించే మందు తగిలిస్తే గుంట నీలంగా మారుతుంది. చివర్లో ఒక చుక్క ఆమ్లం వెయ్యగానే పసుపు. పసుపు ముదిరితే పాజిటివ్, తెల్లగా ఉంటే నెగటివ్. రెండున్నర గంటల్లో ఒకేసారి 90 నమూనాలు తేలిపోతాయి.

ఆ పసుపును గుడ్డిగా నమ్మకూడదు. ఆ కిట్‌ను పరీక్షించినప్పుడు, సోకినవాళ్ళలో నూటికి సుమారు 92 మందిని పట్టుకుంది. సోకనివాళ్ళలో నూటికి దాదాపు 98 మందిని సరిగ్గా వదిలేసింది. మిగిలిన ఆ రెండు శాతమే తంటా. వైరస్ ఊళ్ళోకి ఇంకా అడుగుపెట్టని రోజుల్లో ఆ రెండు శాతమే అసలు అంకెను మింగేస్తుంది. 2020 మే, జూన్‌లలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశమంతటా చేసిన మొదటి సర్వేలో తేలింది 0.73 శాతమే. అందుకే అప్పుడు కవచ్‌లో పాజిటివ్ వచ్చినవాటిని వేరే కంపెనీ కిట్‌తో మళ్ళీ సరిచూశారు. అంకె చిన్నదైనకొద్దీ అంత జాగ్రత్త కావాలి.

సెప్టెంబరు 10న కుటుంబ సంక్షేమ శాఖ కమిషనర్ కాటమనేని భాస్కర్ ఫలితాలు వెల్లడించారు. రాష్ట్రం మొత్తం మీద 19.7 శాతం మందిలో యాంటీబాడీలు. పట్టణాల్లో 22.5, పల్లెల్లో 18.2. అన్నిటికన్నా ఎక్కువ విజయనగరంలో 30.6. కర్నూలు 28.1. అన్నిటికన్నా తక్కువ నెల్లూరు, 8.2. పశ్చిమ గోదావరి 12.3.

విజయనగరం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. రాష్ట్రంలో మొదటి కేసు చిట్టచివర నమోదైన జిల్లా అది. మే మొదటి వారం దాకా అక్కడ లెక్క సున్నా. నాలుగు నెలలు తిరక్కుండానే రక్తంలో మిగతా అన్ని జిల్లాలకన్నా ఎక్కువ జాడ. ఆ మధ్యకాలంలో ఆ వైరస్ బులెటిన్ కంటపడకుండా ఇంటింటికీ తిరిగింది.

19.7 శాతమంటే రాష్ట్రంలో కోటికి దగ్గరగా మనుషులు. అప్పటికి లెక్కకెక్కిన కేసులు అయిదు లక్షల పైచిలుకు. అంటే బులెటిన్‌లో ఒక పేరుంటే, దాని వెనక ఇంచుమించు పద్దెనిమిది మంది. మొదటి విడత నాలుగు జిల్లాల్లో పాజిటివ్ తేలినవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది పైగా ఏ లక్షణమూ ఎరగరు. మార్కెట్ కూలీ అడిగిన "నాకు తెలీదా" అన్న ప్రశ్నకు జవాబు అక్కడుంది.

ఇక మన జిల్లా సంగతి. 2011 జనాభా లెక్క చూస్తే పశ్చిమ గోదావరిలో 39 లక్షల పైన. అందులో 12.3 శాతమంటే అయిదు లక్షలకు కాస్త తక్కువ. కిట్ తప్పులకు సరిదిద్దని అంకె అయితే, నేను పైన చెప్పిన కొలతల ప్రకారం అది 11.4 దగ్గరికి దిగుతుంది. కొల్లేటిది మరో చిత్రం. సరస్సుకు ఏలూరు వైపు ఊళ్ళు అప్పుడు పశ్చిమ గోదావరి, కైకలూరు వైపు ఊళ్ళు కృష్ణా జిల్లా. కృష్ణాలో అయిదుగురిలో ఒకరికి యాంటీబాడీలు. విజయవాడ అప్పుడు ఆ జిల్లాలోదే మరి. ఒకే నీటిలో వేటాడే ఇద్దరిలో ఒకడికి 12 శాతం, ఇంకొకడికి 20 శాతం అంటగట్టింది జిల్లా సరిహద్దు. జిల్లా సగటు ఏ ఒక్క ఊరి సంగతీ చెప్పదు. దాన్ని తెచ్చి కొల్లేటి లంకల మీద అతికించకూడదు.

12.3 చూసి "మనం బయటపడ్డాం" అని ఊపిరి పీల్చుకోవడం సహజమే. నాకు మాత్రం అది మొదటినుంచీ హెచ్చరికలాగే కనిపించింది. యాంటీబాడీ బయటపడటానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి, ఆగస్టు చివర తీసిన రక్తం ఆగస్టు సగం దాకా జరిగిందే చెప్తుంది. పైగా నూటికి 12 మందికి సోకిందంటే ఇంకా 88 మంది మిగిలున్నారనేగా. సెప్టెంబరు, అక్టోబరులలో రోజువారీ బులెటిన్లలో ఉభయ గోదావరి జిల్లాలు పై వరసల్లో కనిపించాయి. ఆ అంకెను పతకంలా కాకుండా హెచ్చరికలా చదివి ఉంటే ఎన్ని పడకలు, ఎన్ని ఆక్సిజన్ సిలిండర్లు ముందే సిద్ధమయ్యేవో అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

డిసెంబరు 5న ఏలూరు రక్తానికి మళ్ళీ పని పడింది. వన్‌టౌన్‌లో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోతున్నారు. కొద్దిరోజుల్లో ఆరువందల మందికి పైగా ఆసుపత్రికి చేరారు. ఒకరు చనిపోయారు. "కరోనా కొత్త రూపమా?" అన్నదే వీధివీధినా ప్రశ్న. కోవిడ్ పరీక్షలు నెగటివ్ వచ్చాయి. వైరస్ జాడ వెతికినవాళ్ళకు దొరకలేదు. బాధితుల రక్తంలో ఎయిమ్స్ నిపుణులకు సీసం, నికెల్ కనిపించాయి, ఆపైన పురుగుమందుల అవశేషాల వైపు వేలు తిరిగింది. వైరస్ కాదని అంత త్వరగా తేల్చగలగడం కూడా పెద్ద మేలే. లేకపోతే ఊరంతా తలుపులు మూసుకుని, విషం ఎక్కడినుంచి వస్తోందో వెతకడం మానేసేది.

2021 వేసవిలో రెండో అల వచ్చి ఎన్ని ఇళ్ళను ఖాళీ చేసిందో వేరే చెప్పనక్కర్లేదు. ఆ జూన్, జూలైలలో ఐసీఎంఆర్ నాలుగో సర్వే చేసింది. మొదటిసారి ఆరేళ్ళ పిల్లల రక్తం కూడా తీశారు. దేశం 67.6 శాతం, ఆంధ్రప్రదేశ్ 70.2. అప్పటికి టీకాలు మొదలయ్యాయి కాబట్టి చదవడం ఇంకా కష్టమైంది. అందుకే ఈసారి రెండు రకాల యాంటీబాడీలు వెతికారు. కోవిషీల్డ్ వేసుకున్నవాడిలో వైరస్ ముల్లు మీది ప్రొటీన్‌కు మాత్రమే యాంటీబాడీ పుడుతుంది. వైరస్ లోపలి ప్రొటీన్‌కు కూడా ఉందంటే వాడికి జబ్బు సోకి ఉండాలి. కోవాగ్జిన్ చంపిన వైరస్‌తోనే చేసింది గనక దానికి ఈ తేడా పనికిరాదు.

జూలై 20న ఆ ఫలితాలు చెప్తూ ఐసీఎంఆర్ అధిపతి బలరాం భార్గవ దేశంలో ఇంకా 40 కోట్ల మందికి ముప్పు ఉందన్నారు. ఆంధ్రలో 70.2 తీసేస్తే అప్పటికి మిగిలింది కోటిన్నర మంది. ఆ కోటిన్నరలో ఎవరు ఏ ఊళ్ళో, ఏ లంకలో ఉన్నారో తెలియాలంటే మళ్ళీ ఇళ్ళ జాబితా పట్టుకుని గట్టు ఎక్కాల్సిందే.