నాలుగు రాజధానులు, ఒక సైకిల్

మాది పల్నాడు జిల్లా నూజెండ్ల. మా నాయనమ్మ ఊరు దాటి పెద్దగా పోలేదు గానీ, ఆవిడ జన్మలో నాలుగు రాజధానులు చూసేసింది: మద్రాసు, కర్నూలు, హైదరాబాద్, ఇప్పుడు అమరావతి. ఇంట్లో రాజధాని వాదన లేచినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది పుచ్చలపల్లి సుందరయ్య.

1913లో నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టారు. అసలు పేరు సుందరరామిరెడ్డి, చివరి కులం ముక్క ఆయనే తీసేసుకున్నారు. 1946లో 'విశాలాంధ్రలో ప్రజారాజ్యం' అని ఒక పుస్తకం రాశారు. అప్పటి పరిస్థితి ఒక్కసారి ఊహించుకోండి. మనం బ్రిటిష్ వాళ్ల మద్రాసు కింద. కృష్ణ దాటితే నల్లగొండ, అది నిజాం రాజ్యం. హైదరాబాద్ అంటే నవాబుగారి నగరం. అలాంటి టైంలో ఆ రెండు వైపుల తెలుగువాళ్లూ ఒకటే రాష్ట్రం కావాలని రాయడం మామూలు విషయమా? రాసి ఊరుకోలేదు కూడా. తెలంగాణ సాయుధ పోరాటంలో ఏళ్ల తరబడి అజ్ఞాతంలో ఉన్నారు.

1952లో రాజ్యసభకి వెళ్లారు. ఢిల్లీలో పార్లమెంటుకి సైకిల్ మీద వచ్చిన ఎంపీ ఈయనే.

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. రాజధాని ఎక్కడ? కమ్యూనిస్టులు విజయవాడ–గుంటూరు వైపు పట్టుబట్టారు. వాళ్ల బలమంతా అక్కడే మరి! కానీ 1937 శ్రీబాగ్ ఒప్పందంలో, రాజధాని కావాలో హైకోర్టు కావాలో కోరుకునే హక్కు సీమకే ఇచ్చారు. ఇక్కడ మాత్రం నేను సీమ పక్షమే, మా గుంటూరోళ్లు తిట్టినా సరే. చివరికి కర్నూలుకి రాజధాని, గుంటూరుకి హైకోర్టు దక్కాయి. కర్నూల్లో ఆఫీసులు గుడారాల్లో మొదలయ్యాయి.

1955 ఎన్నికల్లో కమ్యూనిస్టులకి వచ్చినవి 15 సీట్లే. సుందరయ్య గన్నవరం నుంచి గెలిచి, వద్దన్న ఆ కర్నూలు అసెంబ్లీలోనే కూర్చున్నారు. 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాజధాని అయింది. పుస్తకం పేరులో సగం నిజమైంది, 'విశాలాంధ్ర' వరకే. ప్రజారాజ్యం కోరినాయన ప్రతిపక్షంలోనే ఉండిపోయారు.

1985 మే 19న, మనందరి మొదటి రాజధాని మద్రాసులోనే చనిపోయారు. ఆయన కోరిన ఉమ్మడి రాష్ట్రం 2014 జూన్ 2 దాకా నిలిచింది. హైదరాబాద్ వెళ్తే బాగ్‌లింగంపల్లిలో దిగండి. సుందరయ్య విజ్ఞాన కేంద్రం అక్కడే. లోపల మంచి లైబ్రరీ ఉంటుంది.