దేవనహళ్ళి విమానాశ్రయం, నూటయాభై కిలోమీటర్ల గీత

ఈ పుటల్లో ఇంతవరకు మా పెద్దోళ్ళ వలసలు, చెరువులు, గుడులు, రైలుదారి గురించి రాస్తూ వచ్చినాము. ఈసారి విమానాశ్రయం గురించి. మహేంద్రమంగళానికీ విమానాలకూ ఏమి సంబంధమని మా పెదనాయన కూడా అడిగినారు. సంబంధం ఉంది. మేము ఉండేది తమిళనాడులోనే అయినా, దేశం దాటిపోయే పిల్లలు చెన్నైకి పోరు. రాయకోట, హోసూరు మీదుగా దేవనహళ్ళికే పోతారు. సాగనంపడానికి ఇంటిల్లిపాదీ ఒక వ్యాను మాట్లాడుకుని అర్ధరాత్రి బయలుదేరడం మా ఊళ్ళ పక్క మామూలే. ఇంకొక సంబంధం కూడా ఉంది. ఆ విమానాశ్రయం కోసం రాసుకున్న ఒప్పందం నేలమీద ఒక గీత గీసింది. ఆ గీత లోపల మా ఊరు కూడా ఉంది. దాని సంగతి కాస్త తర్వాత చెప్తాము.

ముందు పాత విమానాశ్రయం. మా తాత కాలంలో బెంగళూరులో విమానమంటే హెచ్‌ఏఎల్. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ అనే వ్యాపారి, మైసూరు సంస్థానం డబ్బూ స్థలమూ ఇస్తే, అక్కడ హిందూస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ పెట్టినారు. అప్పుడు దివాను సర్ మిర్జా ఇస్మాయిల్. యుద్ధం ముదిరేసరికి 1942లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం కార్ఖానాను తన చేతిలోకి తీసుకుంది. ఆపైన అమెరికా సైన్యం అక్కడ తన విమానాలను రిపేరీ చేసుకుంది. అంటే అది ప్రయాణికుల కోసం పుట్టిన చోటు కాదు. విమానాలు తయారు చేసి, ఎగరేసి చూసే చోటు. 1961లో మారుత్ అనే యుద్ధవిమానం మొదట ఎగిరింది కూడా ఆ రన్‌వే మీదనే. మామూలు జనం వచ్చి పోయేది ఆ కార్ఖానా పక్కన ఒక మూల.

1990 ఫిబ్రవరి 14న బొంబాయినుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఏ320 రన్‌వేకు ముందే, పక్కనున్న గోల్ఫ్ మైదానంలో దిగిపోయి కాలిపోయింది. 146 మందిలో 92 మంది పోయినారు. ఆ విమానం అప్పటికి చాలా కొత్తది. పైలట్లు వాడిన మోడ్ విషయంలో విచారణ చాలా దూరం పోయింది. మా వృత్తి సాఫ్ట్‌వేర్ పరీక్షించడం కాబట్టి ఆ విచారణ గురించి చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. యంత్రం చెప్పినట్టే చేసింది, కానీ అది ఏమి చేస్తున్నదో మనుషులకు సమయానికి తెలియలేదు.

దాని తర్వాతి ఏడు, 1991లో, ఒక కమిటీ ఊరికి ఉత్తరాన దేవనహళ్ళిని ఎంచింది. టిప్పు సుల్తాన్ పుట్టిన ఊరది. తెలుగు వినిపించే తాలూకా కూడా. 1995లో టాటా, రేథియాన్, సింగపూరు చాంగి కలిసి కడతామన్నారు. అనుమతులు తెగక 1998లో తప్పుకున్నారు. 2001లో బీఐఎఎల్ అనే కంపెనీ పుట్టింది. సీమెన్స్, జూరిక్ విమానాశ్రయం, ఎల్ అండ్ టీ ఒక పక్క. రాష్ట్రమూ కేంద్రమూ తలా 13 శాతం ఒక పక్క. 2004లో కేంద్రంతో ఒప్పందం, 2005 జులైలో పని మొదలు. స్థలం చూసినప్పటినుంచి పార పట్టేదాకా 14 ఏండ్లు పట్టిందంటే మా ఊరి బస్సు స్టాపు ఆలస్యాన్ని తప్పు పట్టబుద్ధి కాదు.

ఆ 2004 ఒప్పందంలోనే గీత ఉంది. కొత్త విమానాశ్రయం తెరిచిన రోజునుంచి 25 ఏండ్లదాకా, చుట్టూ ఆకాశమార్గాన 150 కిలోమీటర్ల లోపల కొత్తది రాకూడదు, ఉన్నదాన్ని అంతర్జాతీయ స్థాయికి పెంచకూడదు. మైసూరుకు, హాసనుకు మాత్రం వెసులుబాటు. డబ్బు పెట్టినోళ్ళు ఆ డబ్బు తిరిగి రావాలని అడుగుతారు, అది న్యాయమే. కానీ అది గీసింది ఒక రాష్ట్రం మ్యాపు మీద కాదు, వృత్తం. వృత్తానికి సరిహద్దు తెలియదు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో చాలా భాగం అందులో పడింది. మహేంద్రమంగళం దేవనహళ్ళికి తిన్నగా కొలిస్తే సుమారు 100 కిలోమీటర్లు. సేలం మాత్రం గీతకు బయట పడింది.

ఆ నిబంధన దెబ్బ మొదట తిన్నది బెంగళూరోళ్ళే. ఊరి మధ్యలో ఉన్న హెచ్‌ఏఎల్ నుంచి మామూలు విమానాలు ఆపేయాల్సి వచ్చింది. ఆఫీసులోళ్ళు, వ్యాపారస్తులు పాతదాన్ని కూడా ఉంచండని గొడవ చేసినారు, కోర్టుకు పోయినారు. ఫలితం లేకపోయింది.

తెరిచే రోజు కథ మాకు ఇంకా ఆసక్తి. 2008 మార్చి 30 అని ముందు చెప్పినారు. కట్టడం తయారు, కానీ విమానాలను నడిపించే కంట్రోలు ఏర్పాట్లు తయారు కాలేదు. వాయిదా మీద వాయిదా పడి మే 24కు మొదలైంది. జనం నవ్వినారు. మేము నవ్వము. ఆ మార్చి 27నే లండన్ హీత్రో ఐదో టెర్మినల్ తేదీ తప్పకుండా తెరిచినారు. సామాన్ల వ్యవస్థ మొదటి రోజే చేతులెత్తేసి, వేల పెట్టెలు కుప్పపడి, వందల విమానాలు రద్దు అయినాయి. అమెరికాలో డెన్వర్‌లో సామాను యంత్రం సరిగా పనిచేయక కొత్త విమానాశ్రయమే 16 నెలలు ఆలస్యమై 1995లో తెరిచింది. కొత్త విమానాశ్రయాన్ని తెరవడానికి ముందు వేల మందిని ఉత్తుత్తి ప్రయాణికులుగా తెచ్చి, పెట్టెలు వేయించి, క్యూలో నిలబెట్టి, దారి తప్పించి చూస్తారు. మా పనిలో చేసేదే అది, మనుషులతో చేస్తారంతే. ఒకటి మాత్రం తేడా. విమానాశ్రయం మారేటప్పుడు పాతదీ కొత్తదీ పక్కపక్కన కొన్నాళ్ళు నడిపి చూసే వీలుండదు. ఒక్క రాత్రిలో అటునుంచి ఇటు దూకాలి.

నడిచే విధానం గురించి కొంచెం. చాలామంది అనుకున్నట్టు అంతా ఒకే యజమాని కాదు. టెర్మినల్, రన్‌వే కంపెనీవి. ఆకాశంలో దారి చెప్పేది కేంద్ర ప్రభుత్వ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ. గేటు దగ్గర కాగితం చూసేది సీఐఎస్‌ఎఫ్. ముద్ర వేసేది ఇమ్మిగ్రేషన్. రన్‌వేలు తూర్పు పడమరగా ఉన్నాయి. నైరుతి ఋతుపవనాల్లో గాలి పడమటినుంచి కొడుతుంది, కాబట్టి విమానాలు తూర్పు పక్కనుంచి వచ్చి గాలికి ఎదురుగా దిగుతాయి. చలికాలంలో గాలి తిరిగితే దిగే పక్క కూడా తిరుగుతుంది. ఒక్కో రన్‌వే 4000 మీటర్లు. దేవనహళ్ళి సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. ఎత్తులో గాలి పలచన, బరువైన విమానం లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. చలికాలం తెల్లవారుజామున మంచు దట్టంగా పడుతుంది. రెండో రన్‌వే 2019 డిసెంబరులో వాడకానికి వచ్చింది. దానిమీద పెట్టిన కొత్త పరికరాలతో 50 మీటర్ల చూపు ఉన్నా దిగవచ్చు. ముందు 550 మీటర్లు కావాల్సి ఉండేది. జనవరి పొద్దున హోసూరు దారిలో బస్సు లైటు వేసుకుని పాకినట్టు పోయేది చూసినోళ్ళకు ఆ తేడా అర్థమవుతుంది.

తెలుగోళ్ళ చెయ్యి దీంట్లో తక్కువేమీ కాదు. 2009లో నెల్లూరు జిల్లాకు చెందిన జీవీ కృష్ణారెడ్డిగారి జీవీకే కంపెనీ వాటాలు కొని నడిపింది. 2017 నాటికి అమ్ముకుని బయటకు వచ్చింది. కొన్నది కెనడా కంపెనీ ఫెయిర్‌ఫాక్స్. దాని పెద్ద ప్రేమ్ వత్స పుట్టింది హైదరాబాదులో. అదే 2008లో, రెండు నెలలు ముందు, మార్చి 23న శంషాబాద్ తెరిచింది శ్రీకాకుళం పక్క రాజాంనుంచి వచ్చిన జీఎంఆర్. దేవనహళ్ళికి 2013లో కెంపేగౌడ పేరు పెట్టినారు. బెంగళూరు కట్టించిన ఆ పాలెగాడి పేరున గంగాగౌరీవిలాసం అనే తెలుగు యక్షగానం ఉందని చెప్తారు. మేము బడిలో కన్నడంలో కెంపేగౌడ పాఠం చదువుకున్నాము, ఈ సంగతి అందులో లేదు. ఇంకొకటి, కన్నడంలో విమాన నిల్దాణ అంటారు, తమిళంలో విమాన నిలైయం. రెండూ నిలిచే చోటు అనే. తెలుగులో మాత్రం ఆశ్రయం. ఎవరు పెట్టినారో కానీ బాగుంది.

2022 నవంబరులో రెండో టెర్మినల్, 108 అడుగుల కెంపేగౌడ విగ్రహం ఒకే రోజు ప్రారంభించినారు. టెర్మినల్ నిండా వెదురు, చెట్లు. 2024-25లో అక్కడ వచ్చి పోయినోళ్ళు 4 కోట్లు దాటినారు.

ఇప్పుడు మా పక్కకు వస్తాము. హోసూరు దగ్గర బేలగొండపల్లిలో తనేజా కంపెనీ రన్‌వే ఎప్పటినుంచో ఉంది. చిన్న ఊళ్ళకు విమానాలు నడిపే ఉడాన్ పథకం వచ్చినప్పుడు హోసూరు పేరు కూడా వినిపించింది. గీత అడ్డం పడింది. గీత బయటున్న సేలానికి మాత్రం 2023 అక్టోబరులో విమానాలు మళ్ళీ వచ్చినాయి. 2024 జూన్ 27న తమిళనాడు ముఖ్యమంత్రి శాసనసభలో హోసూరుకు 2000 ఎకరాల్లో, ఏడాదికి 3 కోట్ల మంది కోసం అంతర్జాతీయ విమానాశ్రయమని ప్రకటించినారు. దేవనహళ్ళి 25 ఏండ్ల గడువు 2033తో తీరుతుంది. ఇప్పుడు పని మొదలుపెడితే తయారయ్యేసరికి గడువు ఎలాగూ దగ్గర పడుతుందని లెక్క. ఆ లోపల కర్ణాటక కూడా కనకపుర రోడ్డు, నెలమంగల పక్క రెండోదానికి స్థలాలు చూస్తోంది.

గీత చెరగనిదేమీ కాదు. హైదరాబాదుకూ ఇలాంటి నిబంధనే ఉంది. వరంగల్ మామునూరులో నిజాం కాలపు విమానాశ్రయాన్ని మళ్ళీ తెరవడానికి అదే అడ్డం వచ్చింది. జీఎంఆర్ అభ్యంతరం లేదని చెప్పినాక 2025లో కేంద్రం ఒప్పుకుంది. అక్కడ రెండూ ఒకే రాష్ట్రంలోవి. ఇక్కడ పక్క రాష్ట్రం, పైగా అడిగేది చిన్న విమానాశ్రయం కాదు, పోటీకి సరిపోయేది. మాకైతే 2033కు ముందు ఎవరూ ఇష్టంగా సంతకం పెడతారని నమ్మకం లేదు.

మా ఇంట్లో దీనిమీద రెండు మాటలు ఉన్నాయి. పాలకోడు టమాటా, రాయకోట పూలు, హోసూరు గులాబీ పక్కనుంచే విమానం ఎక్కితే మేలు అని మా చిన్నాయన. స్థలానికి బాగలూరు, బేరికె మధ్య భూములు అనుకుంటున్నారు, అక్కడ రైతులు వద్దంటున్నారు. మా మేనత్త వాళ్ళది ఆ పక్కనే గులాబీ తోట. ఫిబ్రవరిలో ప్రేమికుల రోజుకు ముందు వాళ్ళ పూలు దేవనహళ్ళి కార్గోనుంచే పరదేశానికి పోతాయి. గులాబీ పండించే నేల మీద గులాబీ ఎక్కించే విమానాశ్రయమా అని ఆమె అడిగితే చిన్నాయన దగ్గర జవాబు లేదు. దేవనహళ్ళి చెన్నరాయపట్న హోబళి రైతులు 1,777 ఎకరాలు ఏరోస్పేస్ పార్కుకు ఇవ్వమని మూడేండ్లకు పైగా కూర్చుంటే, 2025 జులైలో ప్రభుత్వం ఆ సేకరణ వదులుకుంది. ఆ వార్త వచ్చిన కన్నడ పేపరు ముక్కను మేము చదివి వినిపిస్తే మా మేనత్త మడిచి బీరువాలో పెట్టుకున్నారు. సర్వేవాళ్ళు ఇంకా వాళ్ళ తోటదాకా రాలేదు. పూల పెట్టెలు మాత్రం తెల్లారకముందే లారీ ఎక్కి దేవనహళ్ళికి పోతున్నాయి.