కారులో అమ్మ ఒడి చాలదా?

కారులో పసిబిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకోవడం మీరు చూసే ఉంటారు. అంతకన్నా క్షేమమైన చోటు లేదనిపిస్తుంది. అమెరికాలోని టెనెసీ రాష్ట్ర శాసనసభ కూడా అలాగే అనుకుంది. కార్లలో చిన్నపిల్లలకు ప్రత్యేక సీటు ఉండాలని ఆ దేశంలో మొదట చట్టం చేసిన రాష్ట్రం అదే. పిల్లల వైద్యుడు రాబర్ట్ శాండర్స్ కృషి వల్ల వచ్చిన ఆ చట్టం 1978లో అమలైంది. అయితే పెద్దలు బిడ్డను చేతుల్లో పట్టుకుంటే సీటు అక్కరలేదని అందులో ఒక మినహాయింపు చేర్చారు.

ఇందులో పొరపాటేమిటో మీరే లెక్కకట్టండి. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. దేన్నో ఢీకొన్న కారు సెకనులో పదోవంతు కాలంలో ఆగిందనుకుందాం. జడత్వం వల్ల బిడ్డ అదే వేగంతో ముందుకు పోబోతుంది. 10 కిలోల బిడ్డను కారుతో పాటే ఆపాలంటే సుమారు 1400 న్యూటన్ల బలం కావాలి. అంటే 140 కిలోల బరువును ఎత్తిపట్టినట్లే! ఎంత ప్రేమ ఉన్నా చేతులకు అది సాధ్యమా?

శాండర్స్ పట్టు వదలలేదు. 1981లో ఆ మినహాయింపును తొలగించారు. మన దేశంలో 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం, 14 ఏళ్లు నిండని పిల్లలకు సీటు బెల్టో, పిల్లల సీటో లేకుండా వాహనం నడిపితే వెయ్యి రూపాయల జరిమానా విధించింది. మీ ఇంట్లో పసివాళ్లుంటే పై లెక్కను పెద్దలకు చేసి చూపండి.