తెడ్డు ప్రశ్న

నాటి ఖమ్మం జిల్లాలో మైదానం ముగిసి భద్రాచలం అడవులు మొదలయ్యే చోట, ఒక పల్లె బడిలో నేను తెలుగు పండితుడిగా ఉన్న రోజులవి. ఒకనాడు సైన్సు మాస్టారు సెలవు పెట్టగా ఆ పీరియడు నాకు అప్పగించారు. పాఠం పారమీషియం. దాని దేహమంతటా శైలికలనే సన్నని నూగు ఉంటుందనీ, అవి పడవ తెడ్లవలె నీటిని తోయగా జీవి ముందుకు సాగుతుందనీ పుస్తకం చూసి చెప్పాను.

వెనుక వరుసలో ఒక కుర్రవాడు లేచాడు. 1965లో భద్రాచలం వద్ద గోదావరిపై వంతెన రాకమునుపు వాడి తాత రేవులో పడవ నడిపినవాడు. "సార్, తెడ్డును ఎనక్కి తెచ్చేటప్పుడు మా తాత నీళ్లల్లోంచి పైకి లేపుతడు. ఈ పురుగు నీళ్లల్లోనే మునిగి ఉంటది గదా, ఎట్ల లేపుతది?"

నాకు తెలియదు. తెలియదనడానికి నోరు రాలేదు. "పుస్తకంలో ఉన్నది రాసుకోరా" అని కూర్చోబెట్టాను. పదవీ విరమణ తరువాత తీరికగా చదువుకొన్నప్పుడు గాని ఆ ప్రశ్న విలువ నాకు బోధపడలేదు.

హాలండు దేశపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్ 1676లో లండన్ రాయల్ సొసైటీకి ఒక సుదీర్ఘమైన లేఖ రాశాడు. వాననీటిలోనూ, మిరియాలు నానిన నీటిలోనూ తాను చూసిన సూక్ష్మజీవులను అందులో వర్ణించాడు. కొన్నింటికి అతి సన్నని పాదాలున్నాయన్నాడు. ఆ పాదాలే శైలికలు. లాటిన్‌లో వీటి పేరు 'సీలియా'; కనురెప్పకు సంబంధించిన మాట.

తరువాత జర్మనీకి చెందిన ఎరెన్‌బర్గ్ వీటికి నీలిమందు తినిపించి చూశాడు. లోపల నీలి బుడగలు అనేకం కనబడ్డాయి. అవన్నీ జీర్ణకోశాలే అనుకొని, ఇవి మనవలె సంపూర్ణ అవయవాలున్న జంతువులని 1838 నాటి గ్రంథంలో ప్రకటించాడు. ఫ్రాన్సు దేశపు దుజార్దిన్ దానిని ఖండించాడు. అవి అప్పటికప్పుడు ఏర్పడే ఆహార రిక్తికలు మాత్రమే. నోటి గాడిలోని శైలికలు నీటితోపాటు బాక్టీరియాను లోనికి తోస్తాయి. రిక్తిక ఏర్పడి, దేహంలో తిరుగుతూ ఆహారాన్ని జీర్ణం చేసి, మిగిలినదానిని ఒక రంధ్రం గుండా విడిచిపెడుతుంది.

ఇక తెడ్డు సంగతి. 1977లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త పర్సెల్ ఒక వ్యాసంలో ఇలా వివరించాడు: అంత చిన్న దేహానికి నీరు బెల్లం పాకంవలె చిక్కగా తోస్తుంది, తోయడం ఆపిన క్షణమే కదలిక ఆగిపోతుంది, వెళ్లిన దారినే తిరిగివచ్చే తోపు వలన ఫలితం శూన్యం. మా కుర్రవాడి ఆక్షేపణ సరిగ్గా ఇదే!

శైలిక ఆ చిక్కును ఇలా విప్పుకొంటుంది. పోయేటప్పుడు నిటారుగా నిలిచి నీటిని బలంగా తోస్తుంది. వచ్చేటప్పుడు వంగి, దేహాన్ని ఆనుకొని మెల్లగా జరుగుతుంది. పక్కది దాని వెనువెంట కదలడంతో వరిచేనుపై గాలి వీచినట్లు అల సాగుతుంది. పావు మిల్లీమీటరు పొడవున్న పారమీషియం సెకనుకు సుమారు ఒక మిల్లీమీటరు ఈదుతుంది. కాడతో ఆకును అంటిపెట్టుకొని ఉండే వార్టిసెల్లాలో అదే తోపు ఆహారాన్ని దగ్గరకు రప్పిస్తుంది. కట్టివేసిన పడవలో తెడ్డు వేస్తే నీరే కదులుతుంది గదా!

శైలికలో తొమ్మిది జంట నాళికలు, నడుమ రెండు ఉన్నాయని 1950లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చూపింది. వాటిని కదిలించే ప్రోటీనుకు 1965లో గిబ్బన్స్ 'డైనీన్' అని పేరు పెట్టాడు. దానిని తీసింది టెట్రాహైమీనా అనే శైలికాజీవి నుంచే. మన్యాన్ని తరతరాలుగా వణికించిన మలేరియాలోనూ ఈ యంత్రమే ఉంది. 1895లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో చూసిన కొరడా తీగలు ఆ పరాన్నజీవి పురుష కణాలు. వాటి నిర్మాణమూ తొమ్మిది జంటలు, నడుమ రెండే.

ఆ కుర్రవాడు ఇప్పుడు నడివయసువాడై ఉంటాడు. ఎక్కడున్నా వాడికి నేను బాకీ ఉన్న జవాబు ఇది: నాయనా, నీ సందేహమే సరైనది. అది తెడ్డును పైకి లేపదు. మడిచి ఒంటికి ఆనించి తెచ్చుకొంటుంది. ఆనాడు నాకు తెలియదని చెప్పవలసింది.